ఒకటికి పన్నెండు

రైలు పట్టాల వెంట నాలుగు రోజులు నడిచిన ఉద్యోగికి గ్రేడియంట్ పోస్టు గురించి వేరే చెప్పనక్కరలేదు. ఈ సంచిక చదివే మన ఇంటివారి కోసం చెబుతాను. పట్టాల పక్కన చిన్న గుంజ, దానికి అటొకటి ఇటొకటి రెక్కలు, రెక్కమీద ఒక అంకె. 200 అని ఉంటే అక్కడినుండి 200 అడుగులు పోయేసరికి దారి ఒక అడుగు లేస్తుందనో, ఒక అడుగు దిగుతుందనో అర్థం. కంటికి చదునుగా కనిపించే ఆ కొద్దిపాటి వాలే బరువు బండిని ఎక్కడికక్కడ నిలబెట్టగలదు, అదే బండిని చెయ్యి దాటించగలదు. స్టేషను యార్డులో అయితే వాలు ఒకటికి 400 కంటె నిటారుగా ఉండకూడదని నిబంధన. ఒకటికి 1200 ఉంటే మేలని సలహా. లేకపోతే నిలబెట్టిన వ్యాగను తనంతట తానే బయలుదేరుతుంది.

ఇంజనీరింగు శాఖలో సర్వీసు ముగించుకొని వచ్చాక ఇలాంటి అంకెలన్నీ మూటగట్టి అటక మీద పెట్టాననుకున్నాను. కాని వయసు మీదపడిన మనవంటివారికి అన్నిటికంటె దగ్గరి అంకె ఒకటి ఉన్నదని రిటైరైన తరువాతే బోధపడింది. ఒకటికి పన్నెండు. చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపుకు ఉండదగిన గరిష్ఠ వాలు అది. మన దేశంలో పట్టాల మీద ఆ వాలు దాదాపుగా ఒక్కచోట ఉన్నది. ఆ సంగతికి తరువాత వస్తాను.

మా ఇల్లు రెజిమెంటల్ బజారులో, స్టేషను అనౌన్స్‌మెంటు వినిపించేంత దూరంలో. ఈ పేటకు ఆ పేరు ఎలా వచ్చిందో పేరే చెబుతున్నది. 1798లో నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీ సైన్యం హుస్సేన్‌సాగరుకు ఉత్తరపు మైదానాలలో దిగింది. 1806లో మూడో నిజాము సికందర్ జా పేరున ఈ ఊరికి సికింద్రాబాదు అని పేరు పెట్టారు. పటాలం ఉన్నచోట బియ్యం కొట్టు కావాలి, చాకలి కావాలి, జీను కుట్టేవాడు కావాలి. అలా పటాలాల వెనుక బజార్లు పుట్టాయి. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1889 నాటికి బెజవాడ దాకా దారి పడింది. నిజాముగారి రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న మన దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఇదంతా సభ్యులకు కంఠస్థమే. నేను చెప్పబోయేది ఈ చరిత్రలో ఎవరూ పట్టించుకోని మూల ఒకటి. ఈ ఊళ్ళో వాలు ఎవరికి కట్టారు, మెట్లు ఎవరికి కట్టారు?

పాత కాలపు రైల్వే కట్టడాలను జ్ఞాపకం చేసుకోండి. ప్లాట్‌ఫారం చివర వాలు ఉంటుంది. అది పార్సిలు బండ్లు దిగడానికి, గ్యాంగువాళ్ళు సామాను మోసుకొని పట్టాల మీదికి వెళ్ళడానికి. కంటోన్మెంటు ఊళ్ళలో మిలిటరీ సైడింగు ఉంటే దాని చివర ఎండ్ లోడింగ్ ర్యాంపు ఉంటుంది. అది ఫిరంగులనూ మోటారు బండ్లనూ వ్యాగన్లలోకి ఎక్కించడానికి. గుర్రానికి వాలు, ఫిరంగికి వాలు, పార్సిలుకు వాలు. మనిషికి మాత్రం మెట్లు. కాళ్ళున్నాయి గదా, ఎక్కుతాడులే అని అనుకున్నారు కాబోలు. కాళ్ళు లేని మనిషి కూలివాడి వీపుమీదనో, కొడుకు చేతులమీదనో ఎక్కేవాడు. అది ఎవరికీ వింతగా తోచలేదు. నాకూ తోచలేదు. అందరం చూస్తూనే ఉండేవాళ్ళం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నాతో ఏళ్ళ తరబడి పనిచేసిన గ్యాంగుమేటు ఒకాయన మా వెనుక సందులోనే ఉంటాడు. పేరు వ్రాయను, ఆయనకు ఇష్టం ఉండదు. షుగరు వ్యాధి వల్ల మోకాలి కింద కాలు తీసేశారు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వాలి గదా. ఇప్పుడు ఇంటినుండే ఫోనులో ఇచ్చే సౌకర్యం వచ్చిందిగాని, ఆయన వేలిముద్రలు మిషను పట్టుకోలేదు. ముప్పై ఏళ్ళు బీటరూ క్రోబారూ పట్టిన వేళ్ళలో గీతలెక్కడ మిగులుతాయి? అందుచేత తన పింఛను వచ్చే బ్యాంకుకే వెళ్ళవలసివచ్చింది. కొడుకు కుర్చీ తోస్తుంటే నేనూ తోడు వెళ్ళాను.

బ్యాంకు ముందు మూడు మెట్లు. పక్కనే కొత్తగా కట్టిన సిమెంటు ర్యాంపు, దానిమీద నీలిరంగు చక్రాల కుర్చీ బొమ్మ కూడా వేశారు. బొమ్మ బాగానే ఉంది. కొడుకు కుర్చీని సగం దాకా తోశాడు. అక్కడ ముందు చక్రాలు గాలిలోకి లేచాయి. ఇంకొక్క క్షణమైతే మనిషి వెనక్కి పడేవాడు. సెక్యూరిటీ గార్డు, నేను, దారినపోయే ఒక కుర్రవాడు కలిసి కుర్చీని పట్టుకొని దించాము. మేటు ముఖం తుడుచుకొని నావైపు చూసి, "సారూ, గిది మనుషులకు కట్టిండ్రా, బస్తాలకు కట్టిండ్రా? జర టేపు పెట్టి చూడుండ్రి" అన్నాడు. చివరికి సర్టిఫికెట్టు గుమస్తాయే బయటికి వచ్చి తీసుకున్నాడు. పాపం, మంచివాడు. కాని ముప్పై ఏళ్ళు పట్టాల వాలు చూసుకున్న మనిషి రోడ్డుమీద ఎండలో కుర్చీలో కూర్చొని, నేను బతికే ఉన్నానని సంతకం పెట్టడం నాకు మింగుడుపడలేదు.

మరునాడు టేపు పట్టుకొని వెళ్ళాను. మెట్టుకు ఏడంగుళాల చొప్పున మొత్తం ఎత్తు 21 అంగుళాలు. ర్యాంపు నేలమీద ఆక్రమించిన నిడివి 72 అంగుళాలు, అంటే ఆరడుగులు. వాలు ఒకటికి మూడున్నర కూడా లేదు. ఒకటికి పన్నెండు కావాలంటే 21 అంగుళాల ఎత్తుకు 21 అడుగుల నిడివి కావాలి. లెక్కలో కష్టమేమీ లేదు. ఎన్ని అంగుళాల ఎత్తో అన్ని అడుగుల నిడివి. మన పాత కొలతలు ఈ ఒక్క విషయంలో మీటర్ల కంటె సుఖం.

ఆ వాలు మనిషిని ఏం చేస్తుందో కూడా లెక్కకట్టవచ్చు. మనిషి 70 కిలోలు, కుర్చీ 20 కిలోలు అనుకుందాం. మొత్తం 90. ఒకటికి పన్నెండు వాలు మీద ఆ బరువు వెనక్కి లాగే బలం ఏడున్నర కిలోలు. ఒకటికి ఇరవై అయితే నాలుగున్నర. ఆ బ్యాంకు ర్యాంపు మీద వాలు పొడవునా టేపు పెడితే 75 అంగుళాలు వచ్చింది. 90 ని 21 తో గుణించి 75 తో భాగించండి. పాతిక కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తాను ఒక్క కాలి మనిషి కూర్చున్నచోటినుండి చేతులతో చక్రం పట్టుకొని ఆరడుగుల దూరం పైకి జరపాలన్నమాట. మధ్యలో చెయ్యి వదిలితే బస్తాతోపాటు తానూ వెనక్కి వస్తాడు. చక్రాల రాపిడి నేను లెక్కలో కలపలేదు.

రైల్వేలో మనం మూడు రకాల గ్రేడియంట్లు చెప్పుకునేవాళ్ళం. రూలింగ్ గ్రేడియంట్ అంటే ఒక్క ఇంజను పూర్తి బరువుతో ఎక్కగల వాలు. మొమెంటమ్ గ్రేడియంట్ అంటే ముందునుండి వేగం కూడగట్టుకొని ఊపులో దాటే వాలు. పుషర్ గ్రేడియంట్ అంటే వెనుక మరో ఇంజను తోయనిదే ఎక్కలేని వాలు. బొంబాయి వెళ్ళినవాళ్ళందరూ భోర్ ఘాటులో దీనిని చూసే ఉంటారు. అక్కడ వాలు ఒకటికి 37. కర్జత్‌లో బండి ఆగి, వెనుక బ్యాంకర్ ఇంజన్లు తగిలిస్తే తప్ప కదలదు.

మన ఊళ్ళో కట్టిన ర్యాంపులలో నేను చూసినవి ఎక్కువ భాగం పుషర్ గ్రేడియంట్లే. కొన్ని మొమెంటమ్ గ్రేడియంట్లు: దూరంనుండి ఊపుగా రావాలి, కాని ఎదురుగా స్కూటరు పెట్టి ఉంటుంది. ఎవరో ఒకరు తోస్తారులే అన్నది కట్టేవాడి ఊహ. ఒకటికి పన్నెండు అన్న అంకె పుట్టింది ఆ ఊహకు ఎదురుగానే. కుర్చీలో ఉన్న మనిషి ఒక్క ఇంజను బండివలె తనంతట తాను ఎక్కాలి, అన్నది దాని వెనుకనున్న ఆలోచన.

ఆ అంకె ఎక్కడ పుట్టిందో చెబుతాను. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు వెన్నెముక విరిగినవాళ్ళు చాలాకాలం బతికేవారు కారు. యుద్ధకాలంలో మందులు మెరుగుపడ్డాయి. ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో 1944లో లుడ్విగ్ గుట్మాన్ అనే డాక్టరు గాయపడిన సైనికులను బతికించడమేగాక, 1948లో వాళ్ళచేత ఆటల పోటీలు ఆడించాడు. మడిచి కారులో పెట్టుకోగల లోహపు కుర్చీ అంతకు ముందే, 1930లలో అమెరికాలో తయారైంది. గని ప్రమాదంలో నడుము పోయిన హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే మైనింగ్ ఇంజనీరు కోసం ఆయన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్ దానిని చేశాడు. ఇక మనిషి ఉన్నాడు, కుర్చీ ఉంది, వెళ్ళడానికి దారే లేదు.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తిమోతి న్యూజెంట్ అనే ఆయన 1940ల చివర, యుద్ధంనుండి తిరిగివచ్చిన వికలాంగులకు చదువు చెప్పించే పని మొదలుపెట్టాడు. క్లాసుకు వెళ్ళాలంటే మెట్లు. మెట్ల మీద ర్యాంపు కట్టాలంటే ఎంత వాలు? ఎవరి దగ్గరా సమాధానం లేదు. తరువాత దేశానికంతా ఒక ప్రమాణం తయారుచేసే బాధ్యత ఆయన మీద పెట్టారు. ఆ పరిశోధనలో కుర్చీలలో తిరిగే విద్యార్థులే పాలుపంచుకున్నారు. 1961లో ఎ 117.1 అనే అమెరికన్ ప్రమాణం వెలువడింది. ర్యాంపు వాలు పన్నెండు అడుగులకు ఒక అడుగు మించరాదని అందులో ఉంది. ప్రపంచంలో ఆ తరువాత వచ్చిన నిబంధనలలో చాలావాటికి మూలం ఆ సన్నటి పుస్తకమే. మన దేశపు నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోనూ అదే అంకె.

పన్నెండునే పట్టుకోవడానికి అడుగుకు పన్నెండు అంగుళాలు ఉండడం కూడా కొంత కారణమేమోనని నా అనుమానం. తాపీమేస్త్రి మరచిపోలేని అంకె అది. ఒక్క సంగతి మాత్రం నిజం. అది సుఖమైన వాలు కాదు, హద్దు. యువకుడి చేతులకు పట్టు తప్పని హద్దు. డెబ్బై దాటిన మన చేతులకు ఒకటికి పదిహేనో, ఇరవయ్యో ఉంటేనే మేలు.

పట్టాల మీద ఒక్కచోట ఉందన్నాను గదా. అది నీలగిరి రైలు. కల్లార్‌నుండి కూనూరు ఎక్కేచోట వాలు దాదాపు ఒకటికి పన్నెండు, సరిగ్గా చెప్పాలంటే కొద్దిగా తక్కువ నిటారు. 1899లో కూనూరు దాకా ఆ లైను తెరిచినప్పుడు పట్టాల మధ్య పళ్ళ కమ్మీ వేశారు. ఇంజను పళ్ళచక్రం ఆ పళ్ళను పట్టుకొని ఒక్కొక్క పన్నే ఎక్కుతుంది. లేకపోతే చక్రం జారిపోతుంది. రబ్బరు చక్రానికి సిమెంటు మీద పట్టు ఎక్కువ, ఇనుముకు ఇనుము మీద తక్కువ. కనుక రెండింటినీ ఒక్క గాటన కట్టరాదని ఎరుగుదును. అయినా ఆవిరి ఇంజనుకు పళ్ళపట్టా వేసి ఇచ్చిన వాలును మనం ఒక ముసలాయన రెండు చేతులకు అప్పగిస్తున్నామని జ్ఞాపకం ఉంటే, అంతకంటె నిటారుగా కట్టబోయే మేస్త్రి ఒక్క క్షణం ఆగుతాడు.

లెక్కలో పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో కూడా చెప్పాలి. మొదటిది, డిగ్రీలకూ నిష్పత్తికీ తేడా తెలియకపోవడం. ఒకటికి పన్నెండు అంటే 4.76 డిగ్రీలు, శాతంలో 8.33. ఒకచోట కాంట్రాక్టరు "పన్నెండు డిగ్రీలే సార్, రూలు ప్రకారమే" అన్నాడు. పన్నెండు డిగ్రీలంటే ఒకటికి ఐదు కూడా కాదు. రెండవది, నిడివిని వాలు మీద కొలవడమా, నేలమీద కొలవడమా అన్న తగాదా. ఇంత తక్కువ వాలులో అది తగాదా పడదగింది కాదు. నేలమీద పన్నెండు అడుగులైతే వాలు మీద పన్నెండు అడుగుల అర అంగుళం. మూడవది అన్నిటికంటె ముఖ్యం. ఎత్తు ఎక్కడినుండి ఎక్కడికి? మెట్లు లెక్కపెట్టి ఏడుతో గుణిస్తే చాలదు. మా పేటలో రోడ్డే ఒక పక్కకు వాలి ఉంటుంది. మొదటి మెట్టు దగ్గర 21 అంగుళాలు ఉన్నది, ర్యాంపు మొదలయ్యేచోట 24 ఉండవచ్చు. పారదర్శకమైన ప్లాస్టిక్ పైపులో నీళ్ళు పోసి రెండు చోట్లా మట్టం గుర్తుపెట్టుకోవాలి. మేస్త్రులందరికీ తెలిసిన పనే. అడిగితే చేస్తారు, అడగకపోతే చెయ్యరు.

కట్టేసిన ర్యాంపును పరీక్షించడానికి ఇంజనీరు అక్కరలేదు. మూడడుగుల కర్ర, దానిమీద రసమట్టం. కర్రను వాలు మీద పెట్టి, దిగువ కొసను బుడగ నడిమికి వచ్చేదాకా ఎత్తండి. కొస కింద సందు మూడంగుళాలు మించితే ఆ వాలు పనికిరాదు. మా మనవరాలు పదేళ్ళది, ఒక్కసారి చూపిస్తే నేర్చుకున్నది. ఇప్పుడు ఏ దుకాణం ముందు ర్యాంపు కనిపించినా ఆగుతుంది. వాళ్ళమ్మకు విసుగు.

వాలు ఒక్కటే కాదు. బిల్డింగ్ కోడ్ 2005 ప్రతి ప్రకారం ర్యాంపు ఒక్క ఊపున 9 మీటర్లు మించకూడదు. అంటే ఒకటికి పన్నెండు చొప్పున 750 మిల్లీమీటర్ల ఎత్తు. అంతకు మించితే మధ్యలో చదునైన మజిలీ ఉండాలి. మన హై లెవెల్ ప్లాట్‌ఫారం పట్టాల మట్టంనుండి 760 మొదలు 840 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. 840 కి లెక్కకడితే 10 మీటర్ల పైచిలుకు. కనుక ప్లాట్‌ఫారమంత ఎత్తును కూడా ఒక్క ఊపున ఎక్కించరాదు, నడుమ ఊపిరి తీసుకునే చోటు ఇవ్వాలి. అదే కోడ్‌లో వెడల్పు 1800 మిల్లీమీటర్లు, రెండువైపులా 800 మిల్లీమీటర్ల ఎత్తున పట్టుకోవడానికి కమ్మీలు, జారని నేల అడిగారు. నున్నటి గ్రానైటు రాయి పరిచి, వాన పడగానే గోనెసంచి వేసేవాళ్ళను నేను చూశాను. మలుపు దగ్గర తప్పనిసరిగా చదును ఉండాలి. పట్టాల వంపులో మనం డిగ్రీకి 0.04 శాతం చొప్పున వాలు తగ్గించి కర్వ్ కాంపెన్సేషన్ ఇచ్చేవాళ్ళం గుర్తుందా? తిరిగేటప్పుడు బండికి భారం ఎక్కువ. కుర్చీకీ అంతే.

మన చట్టాల సంగతి క్లుప్తంగా. 1995 నాటి వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7న అమలులోకి వచ్చింది. ప్రభుత్వ భవనాలకూ ఆసుపత్రులకూ ర్యాంపులు, రైలు పెట్టెలలోనూ వెయిటింగ్ రూములలోనూ కుర్చీకి అనువైన మరుగుదొడ్లు అందులో ఉన్నాయి. కాని "ఆర్థిక స్తోమత పరిమితికి లోబడి" అన్న ముక్క కూడా ఉంది. ఆఫీసు ఫైళ్ళలో జీవితం గడిపిన మనకు ఆ ముక్క బరువెంతో తెలుసు. 2001 జనవరిలో స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు చారిత్రక కట్టడాల దగ్గర ఆయన కోసం హుటాహుటిన చెక్క ర్యాంపులు పరిచారు. చెయ్యదలిస్తే వారంలో అవుతుందని దేశమంతా చూసింది.

2016 చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. నిబంధనలు వెలువడిన నాటినుండి ఐదేళ్ళలో ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ సవరించాలన్నారు. ఆ గడువు 2022 జూన్‌తో తీరింది. ఈ మధ్య చూపు లోపం ఉన్న రాజీవ్ రాతూరి అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో పరిశీలించే పని మన శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. వాళ్ళ నివేదిక చూసి, 2024 నవంబరు 8న కోర్టు నిబంధనలలోని 15వ నియమం చట్టానికి విరుద్ధమని కొట్టివేసింది. కారణం సూటిగా ఉంది. చట్టం "తప్పనిసరి" అంటుంటే, నియమం ఒట్టి సలహా మాదిరి మార్గదర్శకాలను చూపించి ఊరుకున్నది. మన ఊరివాళ్ళు వ్రాసిన నివేదిక ఢిల్లీలో ఒక నియమాన్ని పడగొట్టిందంటే నాకు కొంచెం గర్వంగానే ఉంది.

సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగింది. మనం జీతం కోసం, పాసుల కోసం దాటిన ఆ పాత ముఖద్వారాన్ని 2025 ఆరంభంలో కూల్చారు. బాధపడినవారిలో నేనూ ఒకడిని. కాని కొత్త కట్టడం కాగితం మీద ఉండగానే వాలు సరిచూసుకుంటే ఖర్చు లేదు. కట్టేశాక సరిచెయ్యాలంటేనే ఖర్చు. ఈ ముక్క ఇంజనీర్లకు నేను చెప్పవలసింది కాదు.

మా బజారు వీధులలో మాత్రం వేరే చిక్కు. ఇళ్ళు రోడ్డు అంచుకే ఉంటాయి. గుమ్మం ముందు రెండు మెట్లు, వాటిని కప్పుతూ మోటారుసైకిలు ఎక్కించుకోవడానికి జానెడు సిమెంటు వాలు. ఒకటికి రెండో, మూడో. పెద్దవాళ్ళకు కుర్చీ అవసరమైననాడు ఆ వాలునే నమ్ముకుంటారు. బయట స్థలం లేదు కనుక పొడవు ర్యాంపు కుదరదంటారు. నిజమే. అలాంటప్పుడు వాలును ఇంటి లోపలికి తీసుకోవాలి, లేదా పక్క సందులో గోడ వెంబడి వేసుకోవాలి. ఆ బ్యాంకుకు కూడా నేను వ్రాసి ఇచ్చినది అదే. ముందువైపు ఆరడుగులే ఉన్నాయి, కాని పక్క గోడ 30 అడుగులు ఉంది. 21 అడుగుల వాలు, పైన గుమ్మం ముందు 5 అడుగుల చదును, మొత్తం 26. పటం గీసి, కొలతలు వేసి, మేటు చేత కూడా సంతకం పెట్టించి ఇచ్చాను. మేనేజరుగారు తీసుకొని పైకి పంపుతామన్నారు. మళ్ళీ అడగడానికి వచ్చేవారం ఇద్దరం వెళ్తున్నాము.

ఈలోగా మన సంఘం గది ముందు కూడా టేపు పెట్టాను. రెండు మెట్లు, నీళ్ళ పైపుతో చూస్తే మొత్తం 13 అంగుళాలు. 13 అడుగుల వాలు, పైన 5 అడుగుల చదును, 18 అడుగులు. గది ముందు వరండా వెంబడి 24 అడుగుల జాగా ఉంది, చివరన కుర్చీ తిరగడానికి చోటు మిగులుతుంది. జనరల్ బాడీకి రాలేక ఇంటిదగ్గరే ఉండిపోతున్నవాళ్ళు, నేను లెక్కపెట్టినంతవరకు, తొమ్మండుగురు. నేలమీద సుద్దముక్కతో గీత గీసి ఉంచాను. వానకు చెరిగిపోకముందే మేస్త్రిని పిలిపించవలసిందిగా కార్యదర్శిగారికి మనవి. కర్రా, రసమట్టం నేను తెస్తాను.